చేయి ఖాళీగా ఉంటేనే భయం

మావాడికి పాలూ, వేరుశెనగ పిక్కలూ పడవని తెలిసి పది నెలలయింది. భోజనం దగ్గర నాకు పెద్ద చిక్కు రాలేదు. అన్నం, పప్పు, చారు, ఆకుకూర, చేపముక్క. పెరుగూ నెయ్యీ తీసేస్తే మా కంచంలో వాడికి పడనిది దాదాపు ఏమీ ఉండదు. నన్ను ఏడిపించినవి పొద్దున్న పదిన్నరా, సాయంత్రం నాలుగూ. సరిగ్గా ఆ వేళకే పక్కింటి తలుపు తెరుచుకుంటుంది, ఎవరో ఒకరు వస్తారు, వచ్చినవాళ్ళ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. నా పుట్టిల్లు సరిహద్దు దాటగానే పాతపట్నం, ఆటోలో వెళ్ళొచ్చేంత దూరం. అందుకని రెండు వైపుల తిళ్ళూ మా ఇంటికొస్తాయి. వాళ్ళ రసగుల్లా, ఛెనాపొడ, రెండూ పాలు విరగ్గొట్టిన ఛెనాతో చేసేవే. మన కోవా, వేరుశెనగ ఉండ. పిల్లల్ని ముద్దు చేయడమంటే పాలో పిక్కలో చేతిలో పెట్టడమే.

ఏడాది నిండాక వాడికి ఆవుపాలు మొదలుపెట్టాం. తాగిన కాసేపటికే మూతి చుట్టూ ఎర్రగా దద్దుర్లు. "వేడి సేసినట్టుంది, ఏటవదు" అన్నారు అత్తయ్య. చూపించిన డాక్టరు కూడా అదే మాట చెప్పి పూతమందు రాశారు. రెండుసార్లు అలాగే అయ్యాక, ఎలాగూ నా పాలు తాగుతున్నాడు కదా అని ఆవుపాలు నేనే మానిపించాను. ఎందుకలా అవుతోందని మాత్రం గట్టిగా అడగలేదు. ఆ తప్పు నాదే.

పదిహేనో నెలలో ఛతువా పెట్టాను. ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆంధ్రావాళ్ళ కోసం చెబుతున్నాను. గోధుమలు, శనగలు, వేరుశెనగ వేయించి పట్టి పంచదార కలిపిన పిండి అది. మూడేళ్ళలోపు పిల్లలకు అంగన్‌వాడీ నుంచి ఇంటికిస్తారు. తయారుచేసేది మహిళా సంఘాలవాళ్ళు. మా పెద్దమ్మాయి దాంతోనే పెరిగింది, మంచి తిండి. వీడు నాలుగు చెంచాలు తిన్నాడు. పది నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, కింది పెదవి వాచి వేలాడింది, వాంతి అయింది, వెంటనే దగ్గు. మా ఆయన బండి తీశారు. ఆసుపత్రిలో తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికి దగ్గు ఆగింది. ఆ రాత్రి అక్కడే ఉంచి చూసి పంపారు. దద్దుర్లకు తోడు వాంతో, దగ్గో, ఆయాసమో వస్తే దాన్ని మామూలు దురద అనుకోకూడదనీ, సిరప్ పోసి ఇంట్లో కూర్చోకూడదనీ ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నాకు మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ తలూపాను. ఆ మాట బుర్రకెక్కింది మాత్రం మర్నాడు.

గుణుపురం నుంచి వచ్చే పాసింజర్ ఎక్కి విశాఖ వెళ్ళాం, పిల్లల అలర్జీ చూసే డాక్టరు దగ్గరికి. అలర్జీ సిరప్ వాడుతుంటే పరీక్షలో సరిగ్గా తేలదని, అది కొన్ని రోజుల ముందే ఆపమన్నారు. ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి, ఒక్కో చుక్క మీద సూదిమొనతో పైపైన గుచ్చి, పావుగంట ఆగి చూశారు. పాల దగ్గరా వేరుశెనగ దగ్గరా దోమ కుట్టినట్టు బుడిపెలు లేచాయి. గుడ్డు, గోధుమ, సోయా, నువ్వులు, జీడిపప్పు, చేప దగ్గర ఏమీ లేదు.

నేను అడగాలనుకున్నవన్నీ కాగితం మీద రాసుకెళ్ళాను. కడుపుతో ఉన్నప్పుడు నేను పిక్కలు బాగా తిన్నాను, అందుకేనా? కాదన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. ముప్పు ఎక్కువున్న పసిపిల్లలకు ఏడాదిలోపే వేరుశెనగ మెత్తగా చేసి పెట్టడం మొదలుపెడితే అలర్జీ రావడం తగ్గిందని 2015లో వెలువడిన ఒక లండన్ పరిశోధనలో తేలిందట. ఒకప్పుడు ఆలస్యంగా పెట్టమనే చెప్పేవాళ్ళు. "అది అలర్జీ రాకముందు మాట. మీవాడికి వచ్చేసింది, ఇంట్లో ప్రయోగాలు చేయకండి" అన్నారు. మేకపాలు పట్టవచ్చా అని అత్తయ్య అడగమన్నారు, అడిగాను. ఆవు, గేదె, మేక పాలలో ప్రొటీన్లు దగ్గరి చుట్టాల్లాంటివి, ఒకటి పడనివాళ్ళలో చాలామందికి మిగతావీ పడవన్నారు. పాలు అరక్కపోవడం వేరు, పాల అలర్జీ వేరు అని కూడా అక్కడే తెలిసింది. అరగకపోతే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి. అలర్జీ అయితే నాలుగు చెంచాలకే ప్రాణం మీదికి రావచ్చు.

చివర్లో ఆయనన్న మాట ఒకటి నాకు బాగా పనికొచ్చింది. "పడనివి రెండే. భయపడి పది మానిపించకండి. పిల్లాడు బరువు తగ్గితే అది రెండో జబ్బు." గుడ్డు, గోధుమ, చేప ధైర్యంగా పెట్టమన్నారు. పక్క గదిలో డైటీషియన్ అమ్మాయి రోజుకి మూడు భోజనాలు, మధ్యలో రెండు చిన్న భోజనాలు అని రాసిచ్చింది. ఈ వయసులో పొట్ట చిన్నది, ఒకేసారి ఎక్కువ పట్టదు. అలాగని రోజంతా ఏదో ఒకటి నములుతూ ఉంటే అన్నం వేళకి ఆకలుండదు. రెండింటి మధ్యా రెండు మూడు గంటల ఎడం ఉండాలి. పాలు లేవు కాబట్టి కొవ్వు కోసం కొబ్బరీ నూనే, ప్రొటీన్ కోసం పప్పూ గుడ్డూ, కాల్షియం కోసం చోళ్ళు, అంటే రాగులు. జాతీయ పోషకాహార సంస్థవాళ్ళ పాత పట్టికల్లో 100 గ్రాముల చోళ్ళకి 344 మిల్లీగ్రాముల కాల్షియం, ఆవుపాలకి 120 అని చూపించింది. "అలాగని వాడు రోజూ వంద గ్రాముల పిండి తినలేడు కదండీ" అని తనే అని, కాల్షియం మందు కూడా డాక్టరు చేత రాయించింది. కొబ్బరిపాలు వంటలో వాడుకోండి, ఆవుపాలకి బదులు అనుకోకండి, వాటిలో ప్రొటీన్ తక్కువ అని హెచ్చరించింది.

చోళ్ళంటే మా వైపు కొదవ లేదు. ఒడియాలో మాండియా. 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ వచ్చాక వాటికి ఊళ్ళో గౌరవం పెరిగింది కానీ, మా అత్తయ్య పుట్టినప్పటి నుంచీ అంబలి తాగుతూనే ఉన్నారు. కడిగి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో కట్టి, మొలకలొచ్చాక నీడన ఎండబెట్టి, దోరగా వేయించి డబ్బాలో పోసి మరకి తీసుకెళ్ళాను. అక్కడ నా ముందు ఒకావిడ ఛతువాకి వేయించిన సరుకు పట్టిస్తోంది. మర చుట్టూ వేరుశెనగ వాసన. నా డబ్బా చంకలో పెట్టుకుని వెనక్కొచ్చేశాను. మర్నాడు పొద్దున్నే మొదటి వాయి నాదే పట్టమని అడుగుదామనుకున్నాను. కానీ ముందురోజు పిండి రాళ్ళ సందుల్లో ఉండదని ఎవరు చెప్పగలరు? అటక మీద నుంచి అత్తయ్య తన తిరగలి దింపించారు. ఇరవై ఏళ్ళుగా దుమ్ము పట్టినది. కడిగి, ఎండబెట్టి, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని విసిరాం. "మీ మావయ్య మరొచ్చింది, ఇంకా ఇదెందుకు అన్నారే. నేనే ఉంచాను" అన్నారు. ఆరోజు నుంచి పిల్లాడి తిండి విషయంలో ఆవిడ నా పక్షం. అంతకుముందు కాదు.

చోడిపిండితో మొదట రొట్టె చేసి వేళ్ళంత పొడుగు ముక్కలు కోశాను. చల్లారాక చెప్పుతోలులా సాగాయి. బిస్కెట్‌లా కాల్చబోతే రాయి. వాడు ఒకటి తీసుకుని గోడకేసి కొట్టి ఆడుకున్నాడు. మూడోసారి కుదిరింది. కప్పు చోడిపిండి, పావు కప్పు బియ్యప్పిండి, బాగా మగ్గి మచ్చలు పడ్డ అరటిపండు ఒకటి, అర కప్పు నీళ్ళలో కరిగించి వడకట్టిన బెల్లం రెండు చెంచాలు, గుప్పెడు పచ్చికొబ్బరి కోరు. పిండి జారుగా ఉండాలి, గట్టిగా అనిపిస్తే కొబ్బరిపాలు. అరగంట నాననిచ్చి గుంత పొంగనాల పెనంలో కొబ్బరినూనె రాసి సన్నసెగ మీద వేయాలి. పైన మూత పెట్టకపోతే లోపల పచ్చిగా ఉండిపోతుంది. పిడికిట్లో పట్టేంత సైజు, మెత్తన, చేతికి అంటదు. రంగు నల్లగా ఉందని మొదటిరోజు ముట్టలేదు. వాళ్ళక్క కంచంలోంచి తీసుకున్నప్పుడు మాత్రం రెండు తిన్నాడు. ఇప్పుడు పొద్దున్న వేళ వారంలో మూడు రోజులు అవే.

చేతిలో పట్టేదేనా అన్నది అప్పటికి నాకు పట్టింపు కాదు. అంగన్‌వాడీ దగ్గర జరిగింది చూశాకే పట్టుకుంది.

పెద్దదాన్ని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు వీడూ చంకలో ఉంటాడు. అక్కడ పిల్లల్ని చూసుకునే దీదీ మంచి మనిషి. పిల్లలకి పంచుతున్న ఛతువా లడ్డూలోంచి చిన్న ముక్క తీసి వీడి చేతికందించింది. నేను లాక్కున్నాను. వాడు గుక్కపట్టాడు. "టికే దెలే కిఛి హేబ నాహి" అంది, కొంచెం పెడితే ఏమీ కాదని. ఆమెకి కోపం కాదు, జాలి. నా గుండె దడదడలాడింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఒకటి తట్టింది. ఆమె వాడికి ఇవ్వబోయినప్పుడు వాడి చేయి ఖాళీగా ఉంది. ఖాళీ చేయి కనబడితే మనవాళ్ళు ఊరుకోలేరు. నేనైనా ఊరుకోను.

అప్పటినుంచి గడప దాటేముందు వాడి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. అది నిమిషంలో అయిపోకూడదు, కారకూడదు, గొంతులో అడ్డం పడకూడదు, చూసేవాళ్ళకి "పాపం, వీడికేం పెట్టడంలేదు" అనిపించకూడదు. ఈ నాలుగూ చూసుకుంటే నా జాబితా దానంతట అదే చిన్నదైపోయింది.

అందులో మొదటిది చిలగడదుంప. గురువారమో ఆదివారమో అని లేదు, కొండల మీద నుంచి సవర ఆడవాళ్ళు సంతకి తెచ్చినప్పుడల్లా రెండు కిలోలు కొంటాను. ఉడికిస్తే చేతిలో నలిగి ముద్దవుతుంది. తొక్కతో కాల్చి, చల్లారాక పొడుగు ముక్కలు చేస్తే నిలుస్తుంది. ఒక ముక్క పావుగంట వస్తుంది. తర్వాత ఇడ్లీ. పొద్దున్న మిగిలిన ఇడ్లీని నాలుగు ముక్కలు చేసి పెనం మీద కాస్త నూనెతో ఎర్రగా కాలిస్తే పైన గట్టిపడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. దీనికి మించిన తేలిక పని ఇంకోటి లేదు, నాకు బద్ధకంగా ఉన్న రోజులన్నీ ఇడ్లీరోజులే. పెసరట్టు మందంగా వేసి రిబ్బన్లలా కోసేది ఇంకోటి. ఉడికిన గుడ్డు ఇంట్లోనే, కూర్చోబెట్టి.

పళ్ళ గురించి ఎక్కువ చెప్పేదేముంది, అరటి, బొప్పాయి, సపోటా. ఎండాకాలం ముంజలు, పనసతొనలు పిక్క తీసి సన్నగా చీల్చి. ద్రాక్ష మాత్రం నిలువునా నాలుగు చీలికలు చేయందే ఇవ్వను, గుండ్రంగా ఉన్నది గొంతుకి సరిగ్గా బిరడాలా పడుతుందని డైటీషియన్ భయపెట్టింది. పచ్చి క్యారట్ ముక్క, గుగ్గిళ్ళు, పేలాలు ఇప్పట్లో వద్దంది.

మురీల విషయంలో, అంటే మరమరాల దగ్గర, దెబ్బ తిన్నాను. బియ్యం తప్ప ఏమీ లేదు కదా, ఇంతకంటే క్షేమమైనది ఏముంటుందని వీధి చివర కొట్లో పావుకిలో పోయించుకున్నాను. కొలిచిన డబ్బా అంతకుముందు మిక్చర్లో ముంచినది. ఇంటికొచ్చి పళ్ళెంలో పోస్తే రెండు పిక్క బద్దలు కనబడ్డాయి. కనబడ్డాయి కాబట్టి సరిపోయింది, పొడి కనబడదు కదా. ఇప్పుడు ఇసకలో వేయించే ఇంటికే వెళ్ళి తెచ్చుకుంటున్నాను. అవి కూడా వాడికి పొడిగా ఇవ్వను, నీళ్ళు చిలకరించి మెత్తబడ్డాక కొబ్బరీ బెల్లం కలిపి పెడతాను. పాకం పట్టిన మురీ ఉండ పళ్ళకి అతుక్కుంటుంది, ఈ వయసుకి కాదు.

ప్యాకెట్ సరుక్కి లేబుల్ ఉంటుంది, అదొక ధైర్యం. అలర్జీ తెచ్చేవి ఉంటే విడిగా చెప్పాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నాటి లేబులింగ్ నిబంధనల్లో ఉంది. పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, వేరుశెనగ, బాదం జీడిపప్పు లాంటివి, సోయా, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు ఆ జాబితాలో ఉన్నాయి. పేరులో పాలు లేని గ్లూకోజ్ బిస్కెట్‌లో పాలు ఉన్నాయని చదివినరోజు మా ఇంట్లో అందరం నోరు తెరిచాం. కేసిన్ అన్నా, వే పౌడర్ అన్నా పాలే. కానీ చిక్కేమిటంటే ఆ అక్షరాలు అత్తయ్య చదవలేరు, నా కళ్ళకే అవి చీమల్లా ఉంటాయి. దానికి ఆవిడే దారి చెప్పారు. వాడికి పడనివాటి డబ్బాలకి ఎర్ర బొట్టుబిళ్ళ. పడేవాటికి ఆకుపచ్చ బిళ్ళ. ఆకుపచ్చ బిళ్ళ లేని డబ్బాలో చెయ్యి పెట్టి వాడికి ఎవరూ ఏదీ ఇవ్వకూడదు. పెద్దదానికి నాలుగేళ్ళు, అది కూడా ఇంటికొచ్చిన చుట్టాలకి "ఎర్ర బొట్టుది తమ్ముడికి వద్దు" అని చెబుతోంది.

మా ఆయన మేనత్త కాశీబుగ్గ నుంచి వచ్చినప్పుడల్లా జీడిపప్పు తెస్తారు, పలాస సరుకు. పరీక్షలో జీడిపప్పు దగ్గర ఏమీ రాలేదు కాబట్టి ఫోన్ చేసి అడిగితే డాక్టరు సరేనన్నారు. అయితే పొడి చేసి కొంచెంగా మొదలుపెట్టమన్నారు, పొద్దుటిపూట, ఒంట్లో బాగున్నరోజు, అందరం ఇంట్లో ఉన్నప్పుడు. గుండుగా ఉన్న పప్పు ఐదేళ్ళ దాకా వద్దన్నారు. పొడి ఇంట్లోనే కొట్టాను. మిక్సీ జార్ వీడి కోసం వేరే కొన్నాం, దానిక్కూడా ఆకుపచ్చ బిళ్ళే. ఇప్పుడు ఖర్జూరం, జీడిపప్పు పొడి, అటుకుల పొడి కలిపిన ఉండలు ప్రయాణాల్లో మా డబ్బాలో ఉంటాయి. అత్త ముందు చిన్నబుచ్చుకున్నారు, నేను తెచ్చిన పప్పుకి పరీక్షలా అని. తర్వాత తనే పొడి కొట్టి తెస్తానన్నారు. వద్దు అత్తా, మీ ఇంట్లో అదే జార్లో పిక్కల పచ్చడి చేస్తారు కదా అని నేను చెప్పలేకపోయాను. మా ఆయన చెప్పారు.

దీదీతో కూడా మా ఆయన కాదు, నేనే వెళ్ళి మాట్లాడాను. ఆసుపత్రిలో ఉన్న రాత్రి తీసిన ఫొటో, పెదవి వాచినది, ఫోన్‌లో చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. మరుసటి నెల నుంచి వాడి వంతు ఛతువా నేను తీసుకోవడం మానేశాను. నన్ను చూడగానే తనే "డబ్బా కాహి?" అని అడుగుతుంది ఇప్పుడు, డబ్బా ఏదీ అని.

మొన్న ఒడియావాళ్ళ మార్గశిరంలో ప్రథమాష్టమికి పక్కింటి మౌసీ ఎండూరి పిఠా చేసింది. ఇంటికి మొదట పుట్టిన పిల్లల పండగ అది, మా పెద్దదానికి ఏటా పంపుతుంది. మినప్పిండీ బియ్యప్పిండీ కలిపి, పసుపాకులో మడిచి ఆవిరి మీద ఉడికిస్తారు. చూస్తే మన ఆకుకుడుమే. లోపల ఛెనా, కొబ్బరి, బెల్లం. ముందురోజు సాయంత్రం గోడమీంచి పిలిచి "నీ కొడుక్కి ఏం పెట్టకూడదు, మళ్ళీ చెప్పు" అంది. చెప్పాను. మా గిన్నె, మా కొబ్బరి తీసుకెళ్ళి, ఛెనా ముట్టకముందే వాడి కోసం నాలుగు వేరుగా చేసి, వాటికి ఎర్రదారం కట్టి తెచ్చింది. ఎరుపంటే మా ఇంట్లో వద్దని అర్థం, అత్తయ్య చూసి పక్కన పెట్టేశారు. తర్వాత అసలు సంగతి తెలిసి దారం తీసేసి ఒకటి వాడి చేతికిచ్చాం. పసుపాకు విప్పడమే వాడికి పావుగంట పని అయింది.

వచ్చే నెల మళ్ళీ విశాఖ వెళ్ళాలి. పాలు పడనివాళ్ళలో కొందరికి బాగా బేక్ చేసిన కేకులో పాలు పడతాయట. అది ఆసుపత్రిలోనే, వాళ్ళ కళ్ళముందు కొంచెం కొంచెంగా పెట్టి చూస్తామన్నారు. కేకు ఇంట్లో చేసుకుని తెమ్మన్నారు, ఎంత పిండికి ఎంత పాలో, ఓవెన్లో ఎంతసేపో కాగితం మీద రాసి పంపారు. మా ఇంట్లో ఓవెన్ లేదు. ఎవరింట్లో ఉందో అత్తయ్య వాకబు చేస్తున్నారు.